పదిహేను రూపాయల తేడా

"ఈ టికెట్టు ఈ బండికి చెల్లదు సార్."

ఆ మాట వినగానే నాకు ఏమీ అర్థం కాలేదు. టికెట్టు కొన్నాను. ఆ రోజుదే. ఊళ్ల పేర్లు సరిగ్గానే ఉన్నాయి. ఎక్కింది జనరల్ బోగీ, నిలబడింది తలుపు పక్కన, బాత్రూమ్ గోడకు ఆనుకుని. ఇంకెక్కడ తప్పు జరిగింది?

బండి రకం దగ్గర. నా చేతిలో ఉన్నది ఎక్స్‌ప్రెస్ టికెట్టు, నేనెక్కింది సూపర్‌ఫాస్ట్. జనరల్ బోగీకి సూపర్‌ఫాస్ట్ అదనపు చార్జీ 15 రూపాయలు. అది నేను కట్టలేదు. ఆ 15కి తోడు 250 జరిమానా, మొత్తం 265 అని చెప్పి, చేతి మిషన్ లోంచి రసీదు చింపి ఇచ్చారు టీసీ గారు. ఫోన్లో కట్టేశాను. రెండు నిమిషాల్లో నా సంగతి తేలిపోయింది. నా కాళ్ల దగ్గర కింద కూర్చున్న మామ్మగారి సంగతి అప్పుడు మొదలైంది.

ఇద్దరం ఒకే స్టేషన్లో ఎక్కాం. కోస్తాలో చిన్న స్టేషన్. పొద్దున్నే రావాల్సిన పాసింజరు రెండు గంటలు లేటన్నారు. అంతలో ఈ బండి వచ్చి ఆగింది, ప్లాట్‌ఫారం మీదున్న జనమంతా ఎక్కేశారు, వాళ్లతో పాటు ఆవిడా ఎక్కింది. చేతిలో స్టీలు క్యారేజీ, చంకలో గుడ్డసంచి. కూతురికి పెద్దాసుపత్రిలో పురుడొచ్చి మూడో రోజట. క్యారేజీలో బాలింత పత్యం. మెత్తగా వండిన అన్నం, వెల్లుల్లి కారం, చిన్న సీసాలో నెయ్యి. బండి ఊగినప్పుడల్లా ఒలికిపోకుండా క్యారేజీని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంది.

ఆవిడ దగ్గరా టికెట్టుంది. చెంగు ముడి విప్పి తీసి చూపించింది. అది పాసింజరు టికెట్టు. ఆ దూరానికి పాసింజరు చార్జీకీ సూపర్‌ఫాస్ట్ చార్జీకీ మధ్య తేడా నలభై రూపాయలు కూడా దాటదు.

"ఇది పనికిరాదమ్మా, ఫైన్ కట్టాలి."

"కొన్నాను గదా బాబూ. పొద్దున్నే లైన్లో నుంచుని కొన్నాను."

"నువ్వు కొన్నది పాసింజరుకి. ఇది సూపర్‌ఫాస్టు."

"నాకేం తెలుసు నాయనా, అందరూ ఎక్కుతుంటే ఎక్కాను."

"అందరూ ఇదే చెప్తారు. దొంగ ప్రయాణాలు చెయ్యడం, దొరికాక ఏడవడం."

ఆవిడ ఏడవలేదు. ఏడ్చే మనిషి కాదు. "దొంగ" అన్న మాట వినగానే మొహం ఒక్కసారి అటు తిప్పుకుంది. బోగీలో మాటలు ఆగిపోయాయి. అప్పటిదాకా ఆవిడతో మనవడి రంగు గురించీ పోలికల గురించీ మాట్లాడిన ఇద్దరు ఆడవాళ్లు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. నేను నా రసీదు జేబులో పెట్టుకుంటున్నాను. నన్ను ఆయన దొంగ అనలేదు. "చూసుకోవాలి కదా సార్" అన్నారు. నేను చేసిన పనే ఆవిడా చేసింది. నా ఫోన్లో డబ్బులున్నాయి, ఆవిడ ముడిలో నూట డెబ్బై రూపాయలున్నాయి.

ఇది జరిగి నెలలు గడిచాయి. ఈమధ్య కాలంలో రైల్వే చట్టం తీసి చదివాను, టికెట్ తనిఖీ పని చేసి రిటైరైన మనిషిని కూర్చోబెట్టి అడిగాను. చదివాక నా కోపం తగ్గలేదు గానీ దాని గురి మారింది.

మన దేశంలో టికెట్ లేని ప్రయాణాల లెక్క చూసేది 1989 నాటి రైల్వే చట్టం. అందులో పక్కపక్కనే రెండు సెక్షన్లున్నాయి. 137వ సెక్షన్ మోసం చేసేవాడి గురించి. రైల్వేని మోసగించాలనే ఉద్దేశంతో టికెట్ లేకుండా ఎక్కినా, వాడేసిన టికెట్టును మళ్లీ వాడినా ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలు లేకపోతే జరిమానా 500కి తగ్గకూడదు. 138వ సెక్షన్ వేరు. సరైన టికెట్ లేకపోవడం, టికెట్టున్న దూరం కంటే ఎక్కువ వెళ్లడం, తీసుకున్న టికెట్టు కంటే పై తరగతి పెట్టెలోనో పై రకం బండిలోనో ఎక్కడం దీని కిందికి వస్తాయి. ఇక్కడ ఉద్దేశం సంగతే ఎత్తలేదు. చార్జీ గానీ తేడా గానీ వసూలు చేసి, దాని మీద అదనపు సొమ్ము తీసుకోమంటుంది, అంతే. నన్నూ మామ్మగారినీ పట్టుకున్నది ఈ 138.

అంటే ఈ చట్టం రాసినవాళ్లకు మోసానికీ పొరపాటుకీ మధ్య గీత కనిపించింది. గీసి పెట్టారు కూడా. ఆ గీతను చెరిపేసింది బోగీలో మనం. "డబ్ల్యూటీ" (వితౌట్ టికెట్) అని టీసీలు, "వితౌట్‌గాళ్లు" అని తోటి ప్రయాణికులు అందరినీ ఒకే గాటన కట్టేస్తాం. చిన్నప్పుడు మా ఊళ్లో మేజిస్ట్రేట్ చెకింగ్ అంటే కాలేజీ కుర్రాళ్లు పట్టాల అవతలి వైపు దూకి చెరకు తోటల్లో పడి పరుగెత్తేవాళ్లు. వాళ్లకు తెలుసు తాము చేసేదేమిటో. పొద్దున్నే లైన్లో నిలబడి టికెట్టు కొని చెంగున ముడేసుకున్న మనిషిని ఆ వరసలో ఎలా నిలబెడతాం?

ఇక డబ్బు లెక్క. 138 ప్రకారం అదనపు సొమ్ము, కట్టాల్సిన చార్జీకి సమానంగా గానీ 250 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది. ఈ కనీస మొత్తం ఒకప్పుడు 50 రూపాయలు. 2004 నుంచి 250 అయింది. చదవగానే అందరికీ ఒకే రూలులా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఏసీ పెట్టెలో వెయ్యి రూపాయల చార్జీ ఎగ్గొట్టినవాడు వెయ్యి చార్జీ, వెయ్యి జరిమానా, మొత్తం రెండు వేలు కడతాడు. అంటే రెట్టింపు. జనరల్ బోగీలో 50 రూపాయల చార్జీ ఎగ్గొట్టినవాడు 300 కడతాడు. ఆరు రెట్లు. పదిహేను రూపాయలు తక్కువ కట్టిన నేను 265 కట్టాను. పదిహేడు రెట్లకు పైనే. తప్పు చిన్నదయ్యేకొద్దీ, బోగీ పేదదయ్యేకొద్దీ శిక్ష బరువు పెరుగుతోంది. 250 దాటిన చార్జీ దగ్గర నుంచే ఈ రూలు సమానంగా పనిచేస్తుంది. జనరల్ బోగీలో దగ్గర ఊళ్లకు వెళ్లేవాళ్లెవరికీ ఆ సమానత్వం అందదు.

కట్టలేకపోతే? మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళతారు. ఆ సొమ్మును జరిమానాలాగే వసూలు చేయమని ఆయన ఆదేశిస్తారు. అప్పటికీ కట్టకపోతే నెల వరకు జైలు, పది రోజులకు తగ్గకుండా వేయవచ్చని అదే సెక్షన్లో ఉంది. నలభై రూపాయల లోపు తేడా, కట్టే స్తోమత లేకపోవడం వల్ల పది రోజుల జైలు దాకా వెళ్లే దారి పుస్తకంలో తెరిచే ఉంది. జేబులో డబ్బున్నవాడికి ఆ దారే కనపడదు. నాకు కనపడలేదు.

మా బాబాయి ముప్పై ఏళ్లకు పైగా టీటీఈగా చేసి రిటైరయ్యాడు. ఇదంతా చెబితే ఆయన ముందు నా మీదే కోప్పడ్డాడు. "బండి నంబరు చూసుకోవాలి గదరా. 12తో గానీ, 20తో గానీ, 22తో గానీ మొదలైతే సూపర్‌ఫాస్టు. చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా?" తెలియదు. జనరల్ టికెట్టు కొనే పదిమందిని అడిగి చూశాను, ఒక్కరికి తెలిసింది. కౌంటరు దగ్గర "ఫలానా ఊరికి ఒకటి" అంటాం. వెనక ముప్పై మంది తోసుకుంటూ ఉంటారు. గుమస్తాకు తోచిన టికెట్టు ఇస్తారు. ఏ బండికని వాళ్లు అడగరు, మనం చెప్పం.

బాబాయి చెప్పిన రెండో మాటను మాత్రం తేలిగ్గా తీసెయ్యలేను. "జాలిపడి ఒక్కరిని వదిలేశామనుకో, బోగీ మొత్తం అదే కథ చెబుతుంది. నిజంగా తెలియనివాడూ, తెలిసి ఎక్కినవాడూ ఒకే మొహం పెడతారు. ఎవరి మనసులో ఏముందో నేనెలా చూసేది? అందుకే రూలు ప్రకారం రాసేసేవాణ్ని. తిట్టారు, కొట్టబోయారు, ఒకసారి చొక్కా చించారు." ఆయన చెప్పింది నిజం. రిజర్వేషన్ బోగీలో నెలల ముందు డబ్బు కట్టిన కుటుంబం తమ సీట్లలో తాము కూర్చోలేక అవస్థ పడటం నేనూ చూశాను. టికెట్టు కొన్నవాడికి న్యాయం జరగాలంటే కొననివాణ్ని పట్టుకోవాల్సిందే. టికెట్ తనిఖీ వద్దనే మాట నా నోట రాదు.

కానీ బాబాయ్, మనసులోకి చూడక్కర్లేదు. చేతిలోకి చూస్తే చాలు. ఆ రోజుదే, ఆ దారిదే టికెట్టు కొన్న మనిషి మోసం చేద్దామని కొనదు. మోసం చేసేవాళ్లు అసలు కొనరు. ఆ కాగితమే సాక్ష్యం. పాసింజరు టికెట్టుతో దర్జాగా సూపర్‌ఫాస్ట్ ఎక్కే గడుసువాళ్లూ ఉంటారు, ఒప్పుకుంటాను. వాళ్లకు తేడా సొమ్ము మీద రెండింతలో మూడింతలో వేయండి, బుద్ధి వస్తుంది. 250 అనే కనీస మొత్తాన్ని అసలు టికెట్టే కొననివాడికి ఉంచండి. ఇలా చేస్తే టీసీ మొహాలు చదవాల్సిన పనే ఉండదు.

ఇది విని ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరవాత ఆయనే ఒక పాత సంగతి చెప్పాడు. వాళ్ల రోజుల్లో టికెట్టు కొనే వ్యవధి లేనివాళ్లు బండెక్కే ముందు గార్డు దగ్గరికి పరుగెత్తేవాళ్లట. గార్డు ఒక కాగితం రాసిచ్చేవాడు. అది చూపిస్తే టీసీ చార్జీ మాత్రమే తీసుకునేవాడు, జరిమానా ఉండేది కాదు. నేను చట్టం తిరగేస్తే 55వ సెక్షన్లో ఆ వెసులుబాటు అలాగే ఉంది. అధికారం ఉన్న రైల్వే ఉద్యోగి అనుమతి తీసుకుని, తరవాత చార్జీ కడతాననే షరతు మీద ధ్రువపత్రం పొంది ప్రయాణం చేయవచ్చు. 2022లో గార్డు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు. ఈ సౌకర్యం గురించి రాసిన బోర్డు నేను ఇంతవరకు ఏ స్టేషన్లోనూ చూడలేదు. "టికెట్ లేని ప్రయాణం నేరం" అన్న బోర్డు లేని స్టేషన్ కూడా చూడలేదు. ఆ నేరం బోర్డు పక్కనే ఈ సౌకర్యం బోర్డు కూడా పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

ఫోనులో కొనుక్కోవచ్చుగా అనేవాళ్లుంటారు. జనరల్ టికెట్టు ఇచ్చే యాప్ పట్టాలకు దగ్గరగా పనిచేయదు. స్టేషన్ గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తేనే లోపల ఇస్తుంది. టీసీ కనపడగానే గబుక్కున కొనేస్తారని ఆ ఏర్పాటు చేశారు, అందులో సబబుంది. దాని ఫలితం ఏమిటంటే, కదిలే బండిలో పొరపాటు తెలుసుకున్న మనిషి తనంతట తాను దిద్దుకోవడానికి దారి లేదు. ఇక స్మార్ట్‌ఫోన్ లేని మామ్మగారి మాట చెప్పేదేముంది.

ఇంతకీ ఆ పదిహేను రూపాయలు దేనికి? వేగానికి. బ్రాడ్‌గేజ్ మీద సగటున గంటకు 55 కిలోమీటర్లకు తగ్గకుండా నడిచే బండికి సూపర్‌ఫాస్ట్ అని పేరు. మా బండి ఆ రోజు ఔటర్లో అరగంట నిలబడింది. సిగ్నల్ దొరకలేదు. ఆలస్యమైనందుకు ఆ అదనపు చార్జీ ఎవరికీ తిరిగి ఇవ్వరు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2017లో ఇచ్చిన నివేదికలో మన దక్షిణ మధ్య రైల్వేనీ, ఉత్తర మధ్య రైల్వేనీ పరిశీలించి, ఆ వేగం అందుకోని రోజుల్లోనూ సూపర్‌ఫాస్ట్ చార్జీ వసూలవుతోందని ఎత్తిచూపింది. ప్రయాణికుడు మాట తప్పితే పదిహేడు రెట్లు. బండి మాట తప్పితే ప్రకటనలో "చింతిస్తున్నాము" అన్న ఒక్క ముక్క. ఆ అరగంటా మామ్మగారు క్యారేజీ మూత మీద చెయ్యి వేసి చూసుకుంటూనే ఉంది, వేడి తగ్గిపోతోందేమోనని.

జరిమానాను మనం చూసే చూపులో కూడా ఏదో తప్పుంది. 2023 మార్చిలో రైల్వే మంత్రిత్వ శాఖ, దక్షిణ రైల్వేలో పనిచేసే ఒక టికెట్ తనిఖీ అధికారిణి కోటి రూపాయలకు పైగా జరిమానాలు వసూలు చేశారని అభినందిస్తూ ప్రకటించింది. ఆవిడ కష్టపడి, నిజాయితీగా పనిచేశారు, సందేహం లేదు. అయినా జరిమానా అనేది వసూలు కాకపోతేనే సంతోషించాల్సిన సొమ్ము. ఎంత తగ్గితే వ్యవస్థ అంత బాగా నడుస్తున్నట్టు. పత్రికల్లో "ప్రత్యేక తనిఖీలు, ఒక్కరోజులో ఇన్ని లక్షలు" అన్న వార్త వచ్చినప్పుడల్లా నాకొక ప్రశ్న వస్తుంది. ఇందులో కొననివాళ్లెంతమంది, కొని కూడా చెల్లనివాళ్లెంతమంది? ఆ లెక్క విడదీసి రాసిన వార్త నా కంట పడలేదు.

బాబాయి మనవరాలు బెర్లిన్లో చదువుకుంటోంది. ఈ గొడవంతా ఫోన్లో విని తన అనుభవం చెప్పింది. నెల పాసు గదిలో మరచిపోయి రైలెక్కితే 60 యూరోల జరిమానా రాశారట. తరవాత ఆఫీసుకు వెళ్లి, తన పేరు మీద ఆ రోజుకు పాసు ఉందని చూపిస్తే 7 యూరోలు తీసుకుని వదిలేశారట. అక్కడ కొననివాడికి అరవై, కొని మరచినవాడికి ఏడు. ఆ దేశాన్ని నెత్తిన పెట్టుకోవాలని నేననను. జరిమానా కట్టలేని పేదలు జైలుకు పోవడం అక్కడా ఉంది. ఈ ఒక్క పద్ధతి మాత్రం మనకు పనికొస్తుంది.

మన సుప్రీంకోర్టు కూడా ఇంకో సందర్భంలో ఈ తేడాను గుర్తించింది. రైలు ప్రమాదంలో చనిపోయిన మనిషి దగ్గర టికెట్టు దొరకనంత మాత్రాన ఆ మనిషి సరైన ప్రయాణికుడు కాడని తేల్చెయ్యకూడదని 2018లో రీనా దేవి కేసులో చెప్పింది. కుటుంబం ప్రమాణపత్రం ఇస్తే, ఆ తరవాత రుజువు చేయాల్సిన బాధ్యత రైల్వేదే అంది. చనిపోయినవాళ్లకు దక్కిన ఆ కాస్త నమ్మకం బతికున్న మామ్మగారికి దక్కలేదు.

జంక్షన్ వచ్చాక ఆవిడను దిగమన్నారు. ఆ మాట కొస్తే, మగతోడు లేని ఆడమనిషిని దింపాలంటే బండి బయలుదేరిన చోటో, జంక్షన్లోనో, చివరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోనో, అదీ పగటిపూటే దింపాలని 139వ సెక్షన్ చెబుతుంది. ఇది జంక్షనే, పగలే. ఆవిడ దిగాల్సిన ఊరూ ఇదే. రూలు ఎక్కడా తప్పలేదు. రూలు ఎక్కడా తప్పకుండానే ఇదంతా జరిగింది, నా బాధ అక్కడే ఉంది.

నేనూ అక్కడే దిగాలి. వెళ్లిపోదామనుకున్నాను, ఆఫీసుకు అప్పటికే ఆలస్యమైంది. ఆవిడ వెనక్కి తిరిగి "బాబూ, ఒక్క నిమిషం ఉండవా" అంది. ఆవిడతో పాటు టీసీల ఆఫీసు గదికి వెళ్లాను. గదిలో పదిమంది దాకా ఉన్నారు. ఎవరికీ కుర్చీ లేదు. ఒక కుర్రాడు స్నేహితుడికి ఫోన్ చేసి "మామా, మూడొందలు కొట్టరా" అని బతిమాలుతున్నాడు. పొలం పనికి వెళ్తున్న భార్యాభర్తలు గోడవారన నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉన్నారు. మామ్మగారు ముడి విప్పి నూట డెబ్బై బల్ల మీద పెట్టింది. మిగతాది నేనూ, మా బోగీలోంచి దిగిన ఇద్దరు కాలేజీ అమ్మాయిలూ కలిసి వేశాం. టీసీ గారు డబ్బు లెక్క చూసుకుని, ఆవిడ వైపు చూడకుండా "క్యారేజీ జాగ్రత్తమ్మా, మూత ఊడొస్తోంది" అన్నారు. ఆ మనిషి చెడ్డవాడని ఆ క్షణంలో నాకనిపించలేదు. పొద్దుటి నుంచి ఎంతమందికి ఆ మాట అన్నారో, ఎంతమంది చేత మాట పడ్డారో.

బయటికి వచ్చాక ఆవిడ ఆ రసీదును నాలుగు మడతలు పెట్టి, అంతకుముందు టికెట్టు ఉన్న ముడిలోనే కట్టుకుంది.

"బాబూ, ఇంత డబ్బు పెట్టాం గదా. సాయంత్రం తిరిగెళ్లేటప్పుడు ఇది చూపిస్తే సరిపోతుందా?"

సరిపోదని చెప్పాను. సాయంత్రం బండెక్కే ముందు మళ్లీ కొనాలన్నాను. కౌంటర్లో ఊరి పేరు చెప్పి, ఏ బండి దొరికినా చెల్లేలా సూపర్‌ఫాస్ట్ టికెట్టే ఇమ్మని అడగమన్నాను. నా టికెట్టు తీసి, అందులో బండి రకం ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించాను. ఆవిడకు చదువు రాదు. అయినా ఆ చోటు మీద వేలు పెట్టి, గుర్తు పెట్టుకోవడానికన్నట్టు కాసేపు చూసింది. తరవాత క్యారేజీ ఎత్తుకుని ఆసుపత్రి వైపు గబగబా నడిచింది.